పల్లె ఉత్తరాలకు అచ్చు యోగం కలిగించిన 'గోలకొండ'
ఇటిక్యాలపాడు బిడ్డ నడిపిన పత్రికకు నూరేళ్ళు

గద్వాల:

కచేరీ నుంచి తన పేరున వచ్చిన కాగితంలో ఏముందో రైతు తానుగా చదువుకోలేని రోజులవి. నిజాం సర్కారు వ్యవహారమంతా ఉర్దూలో సాగేది. పట్టా కాగితమైనా, జుర్మానా నోటీసైనా మరొకరి చేత చదివించుకోవాలి. చదివినవాడు చెప్పిందే నిజమని నమ్మాలి. అలాంటి కాలంలో ఊరి కష్టాన్ని తెలుగులో అచ్చువేసి, వారానికి రెండుసార్లు తపాలాలో పంపిన పత్రిక 'గోలకొండ'.

1926 మే 10న హైదరాబాదులో దాని మొదటి సంచిక వెలువడింది. ఆ లెక్కన 2026 మే 10 నాటికి దానికి నూరేళ్ళు. పత్రిక అచ్చయింది పట్నంలోనే అయినా దాన్ని నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు నడిగడ్డ మనిషి. కృష్ణ, తుంగభద్ర నదుల మధ్య పెరిగిన ఆయన పేరు ఇక్కడ చాలామందికి తెలుసు. ఆయన పత్రిక ఏమి చేసింది, ఎలా నడిచింది అన్నది మాత్రం తెలిసినవారు తక్కువ.

సంస్థానాలలో తెలుగు, సర్కారులో ఉర్దూ

గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం రాజధానిగా గల జటప్రోలు సంస్థానాలు తెలుగు పండితులకు పెట్టింది పేరు. తిరుపతి వేంకట కవుల వంటి అవధానులు ఈ సంస్థానాలకు వచ్చి సన్మానాలు పొందారు. గద్వాలకు 'విద్వద్గద్వాల' అన్న బిరుదు ఊరికే రాలేదు.

అయితే ఆ వైభవమంతా కోట గోడల లోపలిది. పద్యం చెప్పిన పండితునికి శాలువా దక్కేది. పంట పోయి, శిస్తు కట్టలేక కచేరీ మెట్లెక్కిన రైతుకు ఆ తెలుగు వల్ల ఒరిగేదేమీ లేదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సైతం బోధన ఉర్దూలోనే. ఆ రోజుల్లో రాజ్యం మొత్తం మీద చదువు వచ్చినవారు నూటికి పదిమంది కూడా లేరు.

1921 నవంబరు 12న హైదరాబాదు వివేకవర్ధని భవనంలో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. సొంత భాషలో మాట్లాడితేనే నవ్వే చోట ఆ భాషలో పత్రిక పెట్టడం ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

దారి వేసిన చిన్న పత్రికలు

గోలకొండకు ముందు కూడా ప్రయత్నాలు జరగకపోలేదు. 1913లోనే మహబూబ్‌నగర్ నుంచి బండారు శ్రీనివాసశర్మ గారి సంపాదకత్వంలో 'హితబోధిని' మాసపత్రిక వచ్చింది. తెలంగాణ గడ్డ మీద వెలువడిన తొలి తెలుగు పత్రికలలో దీన్ని చెబుతారు. అంటే పత్రికల విషయంలో పాలమూరు వెనుకబడిన జిల్లా కాదు, ముందు నడిచిన జిల్లా.

1922లో రెండు పత్రికలు పుట్టాయి. నల్లగొండలో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు 'నీలగిరి' పత్రికను నడిపారు. ఓరుగల్లు ప్రాంతంలోని ఇనుగుర్తి అనే పల్లెటూరిలో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు సొంతంగా అచ్చుయంత్రం పెట్టి 'తెనుగు' పత్రికను తీశారు. రాయడం మొదలు అచ్చు వేయడం దాకా అన్ని పనులూ ఆ అన్నదమ్ములే చూసుకొనేవారు.

ఈ పత్రికలు ఎక్కువ కాలం నిలవలేదు. చందాదారులు తక్కువ, బకాయిలు ఎక్కువ. కాగితం, సిరా కొనాలంటే రొక్కం కావాలి. పైగా సర్కారు కన్ను. అయినా పల్లెలో కూర్చొని కూడా పత్రిక నడపవచ్చని అవి చూపించాయి.

ఇటిక్యాలపాడు నుంచి మద్రాసు దాకా

ప్రతాపరెడ్డి గారు 1896 మే 28న బోరవెల్లిలో పుట్టారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. ఈ రెండు ఊళ్ళూ నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోనివే. అప్పట్లో అలంపూరు, గద్వాల తాలూకాలు రాయచూరు జిల్లా కింద ఉండేవి. 1956లో భాషా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు అవి మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి.

తుంగభద్ర దాటితే కర్నూలు. ఈ వైపు పిల్లలు చదువుకు నది దాటడం అప్పటి అలవాటు. ప్రతాపరెడ్డి గారు కర్నూలులో చదివి, హైదరాబాదు నిజాం కాలేజీకి, అక్కడి నుంచి మద్రాసుకు వెళ్ళి బి.ఏ., బి.ఎల్. పూర్తిచేశారు. వేదం వెంకటరాయశాస్త్రి గారి దగ్గర సంస్కృతం నేర్చుకున్నారు. తెలుగుతో పాటు ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు కూడా బాగా వచ్చినవారు.

మద్రాసులో ఆయన చూసింది చదువు ఒక్కటే కాదు. అక్కడ ఆంధ్రపత్రిక వంటి తెలుగు పత్రికలు జనాన్ని కదిలిస్తున్నాయి. నదికి అవతల పత్రిక చదివే జనం, ఇవతల పత్రికే లేని జనం. ఈ తేడా కర్నూలులో చదివిన పిల్లవాడికి మరొకరు చెప్పవలసిన అవసరం లేదు. న్యాయవాది పట్టా చేతిలో ఉంది. వకాలతు చేసుకుంటే నాలుగు రాళ్ళు వెనకేసుకొనేవారు. ఆయన పత్రిక దారి పట్టారు.

కొత్వాలు కూడా ఈ ప్రాంతం వారే

ఈ కథలో వనపర్తి ప్రాంతానికి చెందిన మరో పెద్దమనిషి ఉన్నారు. రాయణిపేటలో 1869లో పుట్టిన రాజాబహద్దరు వెంకటరామారెడ్డి గారు 1920లో హైదరాబాదు నగర కొత్వాలు అయ్యారు. నేటి లెక్కలో పోలీసు కమిషనరు అన్నమాట. 1934 దాకా ఆ పదవిలో ఉన్నారు. పల్లెల నుంచి వచ్చే విద్యార్థుల కోసం 1918లో రెడ్డి హాస్టలు ఏర్పడటానికి ఆయనే ముఖ్య కారకులు. ఆ హాస్టలు నిర్వహణ బాధ్యతను ప్రతాపరెడ్డి గారు చాలా ఏళ్ళు మోశారు.

గోలకొండ పత్రికకూ, దాని అచ్చుకూటానికీ అండగా నిలిచినవారు ఈ హాస్టలు చుట్టూ ఉన్న పెద్దలు, ఊళ్ళలో కలిగిన కుటుంబాలవారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. చందా కట్టగలిగినవాడు పటేలు, పట్వారి, భూస్వామి, వకీలు. వెట్టి చేసేవాడు చందా కట్టలేడు. అంటే వెట్టి తప్పు అని రాసిన పత్రిక, వెట్టి చేయించుకొనే ఇంటికే వెళ్ళి చేరేది. చందాదారు ముఖం మీదనే అతని తప్పు చెప్పాలి, చందా మాత్రం పోకూడదు. గోలకొండ ఆ కత్తి మీద సాము చేస్తూనే బతికింది.

అన్నీ తానే అయిన సంపాదకుడు

ఆ నాటి అచ్చు పని నేటివారికి వింతగా ఉంటుంది. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా గళ్ళ పెట్టెలలో నుంచి ఏరి వరుసగా పేర్చాలి. తెలుగులో అక్షరం ఒక్కటే సరిపోదు. గుణింతాలు, ఒత్తులు అన్నీ వేరు వేరు. అందువల్ల కంపోజింగు చేసేవాని ముందు వందల గళ్ళు ఉండేవి. పేర్చిన దాని మీద సిరా పూసి ఒక ప్రతి తీసి తప్పులు దిద్దాలి. మళ్ళీ అక్షరాలు మార్చాలి. అచ్చయిన తర్వాత ఆ అక్షరాలన్నీ విప్పి, ఏ గడిలోది ఆ గడిలో వేయాలి. లేకపోతే వచ్చే సంచికకు అక్షరాలు చాలవు.

ఇదంతా వారానికి రెండుసార్లు. ప్రతాపరెడ్డి గారు సంపాదకీయం రాయడంతో తృప్తిపడలేదు. వార్తలు దిద్దడం, ప్రూఫులు చూడడం, చివరకు చందాదారుల చిరునామాలు అంటించడం కూడా ఆయనే చేసేవారని ప్రతీతి. రాసేవారు చాలని రోజుల్లో మారు పేర్లతో పేజీలు నింపారు. భావకవి రామమూర్తి, చిత్రగుప్త వంటి పేర్ల వెనుక ఉన్నది ఆయన కలమే.

పత్రిక పట్నంలో అచ్చయితే సరిపోదు. ఊరు చేరాలి. సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్‌కు మీటరుగేజి రైలు 1916లో వచ్చింది. రైలు దిగిన తపాలా సంచి ఎడ్ల బండి మీదనో, మనిషి నెత్తి మీదనో ఊళ్ళకు పోవాలి. పేరుకు వనపర్తి రోడ్డు స్టేషను అయినా అది ఉన్నది మదనాపురంలో. అక్కడి నుంచి వనపర్తికి మళ్ళీ ప్రయాణమే. వానాకాలంలో వాగులు పొంగితే ఒక సంచిక ఆలస్యమై రెండు సంచికలు కలిసి రావడంలో వింత లేదు.

ఉత్తరం ముక్క వార్త అయింది

గోలకొండ గొప్పతనం పండితుల వ్యాసాలలో కన్నా పల్లె వార్తలలో ఎక్కువగా ఉంది. ఫలానా ఊళ్ళో బావి ఎండింది, ఫలానా చోట బడికి పంతులు రాడు, దౌరాకు వచ్చిన అధికారి మనుషులు ఊరిమీద పడి కోళ్ళు, పాలు, కట్టెలు పట్టుకుపోయారు అన్న సంగతులకు పత్రికలో చోటు ఉంటుందని జనానికి తెలిసింది. చదువు వచ్చిన నలుగురు ఊరి సంగతులు రాసి పంపడం మొదలుపెట్టారు. ఊళ్ళో విలేకరి అనే మనిషి పుట్టింది అలాంటి ఉత్తరాల నుంచే.

వెట్టి అంటే నేటి పిల్లలకు తెలియకపోవచ్చు. అధికారి ఊరికి వస్తే అతని సామాను మోయడం, బండ్లు కట్టడం, గుడారాలు వేయడం, కుండలు, కట్టెలు, పాలు, కూరగాయలు తేవడం అన్నీ ఊరి పనివారి మీద పడేవి. కూలి అడిగే హక్కు లేదు. మాదిగ, చాకలి, మంగలి, కుమ్మరి అందరికీ ఎవరి వంతు వారికే. నాట్ల రోజైనా, ఇంట్లో చావైనా పిలుపు వస్తే పోవలసిందే. వెట్టిని కట్టడి చేసే ఉత్తర్వులు సర్కారు కాగితాలలో లేకపోలేదు. కాని ఆ సంగతి వెట్టి చేసేవానికి చెప్పేవారు ఎవరు? చెప్పవలసినవాడే చేయించుకొనేవాడు.

ఇక్కడే పత్రిక పనికి వచ్చింది. సర్కారు నియమం ఏమిటో తెలుగులో అచ్చయి ఊరికి వస్తే, చావడిలో ఒకరు పైకి చదివితే, చదువు రాని ఇరవై మంది వింటారు. ప్రతి ఒక్కటే, వినే చెవులు మాత్రం చాలా. 'ఇది మన తలరాత' అనుకున్న వాడు 'ఇది తప్పు' అని తెలుసుకొనేవాడు. జనం హక్కులను గురించి ప్రతాపరెడ్డి గారు 'ప్రజాధికారములు' అనే పుస్తకం కూడా రాశారు.

ఆయన కోపంతోనే కాదు, హాస్యంతో కూడా రాశారు. 'మొగలాయి కథలు' ఆ కోవలోవే. 'గ్యారా కద్దూ బారా కొత్వాల్' అనే కథ పేరు చూస్తేనే సంగతి తెలిసిపోతుంది. గుమ్మడికాయలు పదకొండు, కొత్వాళ్ళు పన్నెండుమంది! లంచగొండితనాన్ని తిట్టకుండా నవ్వించి నగ్నంగా నిలబెట్టారు. కొత్వాలు అండతో పైకి వచ్చిన పత్రిక సంపాదకుడే అలాంటి కథ రాయడం గమనించదగ్గ విషయం.

మాట మూసేస్తే సూక్తులు

పత్రిక పేరు పెరిగిన కొద్దీ సర్కారు నిఘా పెరిగింది. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 వంటి ఉత్తర్వులు అమలులో ఉన్న కాలమది. సభలో మాట్లాడే వీలు లేనప్పుడు మిగిలింది పత్రిక ఒక్కటే. దానికీ కళ్ళెం వేయాలని చూశారు.

ఒక దశలో సంపాదకీయాలను సమాచారశాఖకు చూపించి, అనుమతి పొందిన తర్వాతే వేయాలని ఆంక్ష పెట్టారు. ప్రతాపరెడ్డి గారు వాదనకు దిగలేదు. సంపాదకీయం ఉండే చోట ప్రపంచంలోని మహానుభావులు చెప్పిన సూక్తులు ఏరి అచ్చువేయసాగారు. స్వేచ్ఛను గురించి, న్యాయాన్ని గురించి ఎప్పుడో ఎవరో చెప్పిన మాటలు! వాటిని తప్పు అనడం ఎలా? చదివేవానికి మాత్రం ఆ మాట ఎవరిని తాకుతుందో అర్థమయ్యేది. నోరు మూసినా మాట ఆగలేదు.

1930 మార్చిలో మెదకు జిల్లా జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు అధ్యక్షులుగా ఎన్నుకున్నది ఈ పత్రికా సంపాదకుడినే. నాలుగేళ్ళలో పత్రిక సంపాదించిన పరపతి అది.

లేరన్నవారికి 354 పేర్ల జవాబు

గోలకొండ పేరు చెప్పగానే అందరికీ గుర్తువచ్చేది 'గోలకొండ కవుల సంచిక'. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని, అంటే సున్న అని, ముడుంబై వెంకటరాఘవాచార్యులు గారు రాసిన మాట ఇక్కడి వారిని నొప్పించింది. ప్రతాపరెడ్డి గారు దానికి తిట్లతో జవాబు ఇవ్వలేదు. మీ మీ ఊళ్ళలోని కవుల వివరాలు, పద్యాలు పంపండని కోరారు. పల్లె పల్లె నుంచి జాబులు వచ్చాయి. 1934లో 354 మంది కవుల పరిచయాలతో, రచనలతో సంచిక వెలువడింది.

ఆలోచిస్తే ఇది కూడా పల్లె ఉత్తరాల పనే. ఒక్క మనిషి ఊరూరూ తిరిగి అంతమందిని వెతకడం జరిగే పని కాదు. బావి ఎండిందని రాసిన చేయే ఈసారి మా ఊళ్ళో ఫలానా కవి ఉన్నాడని రాసింది. పండిత సంప్రదాయం గల గద్వాల, వనపర్తి, కొల్లాపురం సీమలకు అందులో తగిన చోటు దక్కింది. ఏ కోటలోనూ సన్మానం పొందని పల్లెటూరి కవులకు అచ్చులో తమ పేరు చూసుకొనే అదృష్టం కలిగింది.

దినపత్రికగా, గండాల కాలంలో

1947 నాటికి గోలకొండ దినపత్రిక అయింది. నూకల నరోత్తమరెడ్డి గారు సంపాదక బాధ్యతలు చూశారు. రాజ్యం అట్టుడికిపోతున్న కాలం. ఒకవైపు రజాకార్ల దౌర్జన్యాలు, మరోవైపు రైతుల పోరాటం. 1948 ఆగస్టులో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రాత్రివేళ దారికాచి చేయి నరికి చంపారు. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలవాలని రాయడమే ఆయన చేసిన నేరం. ఆ తర్వాత నెల తిరగకుండానే, సెప్టెంబరు 17న, నిజాం పాలన ముగిసింది. అప్పట్లో కలం పట్టడం అంటే ప్రాణాలను పణంగా పెట్టడమే.

ప్రతాపరెడ్డి గారు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వెలువరించారు. రాజుల యుద్ధాలను పక్కన పెట్టి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలు ఆడారు, ఏ పండుగలు చేశారు అన్నది చెప్పిన పుస్తకమిది. పాతికేళ్ళపాటు పల్లె సంగతులు అచ్చువేసిన మనిషి అలాంటి చరిత్ర రాయడంలో ఆశ్చర్యమేముంది? కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగులో తన తొలి బహుమతిని 1955లో ఆ గ్రంథానికే ఇచ్చింది. అప్పటికి ఆయన లేరు.

1951లో ఆయన 'ప్రజావాణి' అనే మరో పత్రికను ప్రారంభించారు. 1952 ఎన్నికలలో వనపర్తి ఓటర్లు ఆయనను హైదరాబాదు శాసనసభకు పంపారు. 1953 ఆగస్టు 25న, యాభై ఏడేళ్ళ వయసులో, కన్నుమూశారు. గోలకొండ పత్రిక ఆయన తర్వాత కూడా కొంతకాలం సాగి 1960లలో ఆగిపోయింది.

దాచుకోవలసిన ఆస్తి

1980ల చివరి నుంచి తెలుగు దినపత్రికలు జిల్లాకొక అనుబంధం వేయడం మొదలుపెట్టినప్పుడు అదంతా కొత్త సంగతి అనుకున్నారు. ఊరి బోరింగు చెడిపోయిందన్నది కూడా వార్తేనా అని నవ్వినవారు ఉన్నారు. అది వార్తేనని గోలకొండ అంతకు అరవై ఏళ్ళ కిందటే తేల్చింది.

ప్రతాపరెడ్డి గారికి దక్కవలసిన గౌరవం ఆలస్యంగానైనా దక్కుతోంది. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టే బిల్లును 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ ఆమోదించింది. గోలకొండ సంపాదకీయాలు సంపుటాలుగా వచ్చాయి.

సంపాదకీయాలు పెద్దవారి మాటలు గనుక అవి మిగిలాయి. కింద చిన్న అక్షరాలలో పడిన ఊరి వార్త సంగతి వేరు. ఏ ఊళ్ళో ఏ ఏడు కరువు వచ్చింది, ఎవరు బడి కట్టించారు, ఏ చెరువు తెగింది అన్నది పాత సంచికలలోనే ఉంటుంది. 2016 అక్టోబరులో ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలకు తమ ఊళ్ళ చరిత్ర రాసుకోవాలంటే అంతకన్నా మంచి ఆధారం సులభంగా దొరకదు.

ఆ రోజుల్లో చందా కట్టిన కుటుంబాలు ఈ పల్లెల్లో ఉన్నాయి. పాత భూమి కాగితాల పెట్టెలలో, అటకల మీది మూటలలో గోలకొండ ప్రతులు ఉంటే ఉండవచ్చు. పాత ఇల్లు విప్పేటప్పుడు కాగితాల మూటను పొయ్యిలోకో, తూకానికో వేసే ముందు ఒక్కసారి విప్పి చూడడం మంచిది. ముట్టుకుంటే రాలిపోయే కాగితమైనా ఫోటో తీసి పెట్టుకోవచ్చు, దగ్గరలోని గ్రంథాలయానికి అప్పగించవచ్చు. ఆ కాగితం మూలన పడిన నాలుగు వరుసల వార్త ఆ ఇంటి తాత రాసి పంపిందే కావచ్చు.